విరిగిన లెక్కను అతికిన ఖ్వారిజ్మీ

విశాఖ వన్‌టౌన్‌లోని పాత పెంకుటింట్లోనైనా, ఉక్కునగరం క్వార్టర్లలోనైనా ఇంటిపెద్ద కన్నుమూస్తే కొన్నాళ్లకు కాగితం, కలం బయటికి రాక తప్పదు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసీయత్ పోను మిగిలినది పంచాలి. భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, మిగతాది కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఎనిమిదికీ ఆరుకూ క.సా.గు. 24. అందులో భార్యకు 3, తల్లికి 4 పోగా 17 మిగులుతుంది. 17 మూడు పాళ్లుగా తెగదు గనుక 24ను మూడుతో గుణించి 72 చేస్తారు. భార్యకు 9, తల్లికి 12, కొడుకుకు 34, కూతురికి 17. హారాలు సమం చేయడమంటే ఇదే. ఈ పంపకాల లెక్కకు బీజగణితాన్ని తోడు తెచ్చిన మహనీయుడు ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ.

ఆయన క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారు. ఆయన మూలాలు ఆరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఖ్వారిజ్మ్ సీమవని పేరే చెబుతోంది. ఆ సీమ ఇప్పుడు ఎక్కువగా ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్‌లలో ఉంది. ఆయన విద్యాకృషి చాలావరకు బాగ్దాద్‌లో, ఖలీఫా మామూన్ (813-833) ఆదరణలో సాగింది. బైతుల్ హిక్మా పండితులలో ఆయన ఒకరు. భారతీయ అంకెలతో లెక్కించే పద్ధతిపై గ్రంథం రాశారు. ఆ గ్రంథం లాటిన్‌లోకి వెళ్లాక ఆయన పేరే కాలక్రమంలో అల్గోరిథమ్ అనే మాటగా మారింది. ఖగోళ పట్టికలు, భూగోళ గ్రంథం కూడా రచించారు. వాటి గురించి మరో శుక్రవారం చెప్పుకోవచ్చు.

ఆయన కీర్తికి అసలు కారణం అల్ జబ్ర్ వల్ ముఖాబలా గ్రంథం. వారసత్వాలు, పంపకాలు, వ్యాపారం, భూముల కొలతలలో జనానికి పనికివచ్చే తేలిక లెక్కల పుస్తకం కావాలని ఖలీఫా ప్రోత్సహించగా ఆయన దీన్ని రాశారు. జబ్ర్ అంటే విరిగినదాన్ని అతకడం. ఎముకలు కట్టే పనికీ అరబీలో ఇదే మాట. భిన్నాన్ని కసర్ అంటారు, అంటే విరిగిన ముక్క. గ్రంథంలో దాదాపు సగం వసీయత్ లెక్కలే ఉన్నాయంటే చాలామంది నమ్మరు.

అందులోని ఒక లెక్క చూడండి. ఒక స్త్రీ మరణించింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. తన ఆస్తిలో ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపి ఒక పరాయి వ్యక్తికి వసీయత్ చేసింది. ముందుగా వారసుల సంగతి. పిల్లలున్నారు గనుక భర్తకు నాలుగో వంతు. మిగిలినది పిల్లల మధ్య ఐదు పాళ్లు కావాలి. నాలుగుకూ ఐదుకూ కుదిరే హారం 20. భర్తకు 5, కొడుకుకు 6, ఒక్కో కూతురికి 3. ఇక వసీయత్. ఎనిమిదికీ ఏడుకూ ఉమ్మడి హారం 56. అందులో ఏడూ ఎనిమిదీ కలిసి 15 పాళ్లు పరాయి వ్యక్తివి. మూడో వంతు దాటలేదు గనుక వసీయత్ చెల్లుతుంది. వారసులకు 41 మిగిలింది.

చిక్కల్లా ఇక్కడే. 41ని 20 పాళ్లు చేయలేం. ఖ్వారిజ్మీ విరిగిన ఆస్తిని మళ్లీ నిండు చేశారు. వారసుల వాటాకు, ఆ వాటాలోనే 41కి 15 పాళ్ల చొప్పున చేరిస్తే మొత్తం ఆస్తి వస్తుంది. 20ని 41తో గుణిస్తే 820. దానికి 300 చేరితే 1120. పరాయి వ్యక్తికి 300, భర్తకు 205, కొడుకుకు 246, ఒక్కో కూతురికి 123. కూడి చూసుకోండి, ఒక్క పాలు కూడా ఎక్కువ తక్కువలు ఉండవు.

నేటి విద్యార్థి అయితే ఎక్స్ లోంచి రెండు భిన్నాలు తీసేసి, 56 హారంగా ఒకే భిన్నం రాస్తాడు. ఖ్వారిజ్మీకి ఎక్స్ లేదు, గుర్తులూ లేవు. లవానికీ హారానికీ మధ్య గీసే అడ్డగీత కూడా 12వ శతాబ్దిలో మగ్రిబ్‌కు చెందిన అల్ హస్సార్ రచనలో కనిపిస్తుంది. ఈయన అంతా మాటల్లోనే నడిపించారు. తెలియని మొత్తాన్ని మాల్, అంటే సొమ్ము, అన్నారు.

ఖ్వారిజ్మీ జీవించిన శతాబ్దంలోనే మన దక్షిణాదిన మహావీరాచార్యులు భిన్నాల హారాలకు క.సా.గు. తీసే పద్ధతిని సంస్కృతంలో బోధించారు. ఆయన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశారు. బాగ్దాద్‌లో ఒకరు, దక్కన్‌లో ఒకరు. ఒకరినొకరు ఎరుగరు, విరిగిన ముక్కలను ఒక దారికి తేవడం మాత్రం ఇద్దరికీ తెలుసు.

లెక్క తెలియక ఆగిపోయిన పంపకాలు మన ఇళ్లలో తక్కువ. హారం సరిగానే కుదురుతుంది, కూతురి లవం దగ్గరికొచ్చేసరికి చేయి ఆగుతుంది. పెళ్లికి పెట్టిన ఖర్చును వాటా కింద కొట్టేస్తారు. దివ్య ఖుర్ఆన్ నిసా అధ్యాయం 11వ ఆయత్ నిర్ణయించిన పాలు అది. పెళ్లి విందు బిల్లు దానికి బదులు కాదు. ఖ్వారిజ్మీ లెక్క ప్రకారం 1120లో ఒక్కో కూతురికి 123 పాళ్లు వస్తాయి, కూతుళ్లు ముగ్గురున్నారని ఆ లెక్క ఉజ్జాయింపుగా ఆగదు.

ఆయన 850 ప్రాంతంలో పరమపదించారు. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ అల్ జబ్ర్‌ను లాటిన్‌లోకి తెచ్చినప్పుడు సమీకరణాల భాగం తీసుకుని వసీయత్‌ల భాగాన్ని వదిలేశారు. ఐరోపా బళ్లకు బీజగణితం చేరింది, అది ఎవరి వాటాల కోసం పనికివచ్చిందో చేరలేదు. 1831లో ఫ్రెడరిక్ రోజెన్ ఆక్స్‌ఫర్డ్‌లోని రాతప్రతి ఆధారంగా అరబీ మూలాన్ని ఆంగ్లానువాదంతో సహా లండన్‌లో అచ్చువేయించారు. ఆ ముగ్గురు కూతుళ్ల లెక్క అందులో ఉంది.