శాంతి సేనాని తిమ్మయ్య

యుద్ధరంగంలో శత్రువును జయించడానికి సాహసం కావాలి. శత్రువులిద్దరి నడుమ నిలిచి, ఇరువురి నిందలనూ భరిస్తూ ధర్మం తప్పక నడవడానికి అంతకు మించిన నిగ్రహం కావాలి. ఈ రెండు గుణాలూ మూర్తీభవించిన భారతీయ సేనాని జనరల్ తిమ్మయ్య.

కొడందేర సుబ్బయ్య తిమ్మయ్య 1906 మార్చి 31న కొడగు సీమలోని మడికేరిలో జన్మించారు. వారిది కాఫీ తోటలు గల కుటుంబం. డెహ్రాడూన్‌లోని సైనిక కళాశాలలోను, ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్‌లోను శిక్షణ పొంది 1926లో సైన్యాధికారి అయ్యారు. అనంతరం 19వ హైదరాబాద్ రెజిమెంటులో చేరారు. నిజాం రాజ్యపు సైనిక దళాల నుండి రూపొందిన ఆ రెజిమెంటే 1945లో కుమావూ రెజిమెంటుగా పేరు మార్చుకొన్నది.

రెండవ ప్రపంచయుద్ధంలో బర్మా రంగాన పోరాడి, రణరంగంలో పదాతి బ్రిగేడుకు నాయకత్వం వహించిన తొలి భారతీయుడిగా తిమ్మయ్య ఖ్యాతి గడించారు. 1948 నవంబరులో కాశ్మీరులోని జోజిలా కనుమకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున టాంకులను నడిపించి శత్రువులను విస్మయపరచారు. అయితే ఆయనకు అసలైన పరీక్ష కొరియాలో ఎదురైంది.

1950 జూన్ 25న మొదలైన కొరియా యుద్ధం 1953 జూలై 27న విరమించింది. ఉభయ కొరియాల నడుమ 4 కిలోమీటర్ల వెడల్పున సైనిక రహిత మండలం ఏర్పడింది. కాని ఒక చిక్కుముడి మిగిలింది. ఐక్యరాజ్యసమితి సేనలకు చిక్కిన చైనా, ఉత్తర కొరియా సైనికులలో వేలాదిమంది స్వదేశానికి పోవడానికి నిరాకరించారు. ఈ వివాదం వల్లనే యుద్ధవిరమణ ఏడాదికి పైగా ఆలస్యమైంది. చివరకు వారి భవితవ్యాన్ని తేల్చే బాధ్యతను ఐదు తటస్థ దేశాల సంఘానికి అప్పగించారు. స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకొస్లొవేకియా, భారత్ అందులో సభ్యదేశాలు. దాని అధ్యక్షుడు తిమ్మయ్య. ఖైదీలకు కాపలా కాయడానికి మేజర్ జనరల్ థోరట్ నాయకత్వాన భారత సంరక్షక దళం తరలివెళ్లింది.

దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భారత సైనికులు తమ నేలపై అడుగిడరాదని పట్టుబట్టారు. అందువల్ల ఓడల నుండి హెలికాప్టర్లలోనే వారిని సరిహద్దు మండలానికి చేర్చవలసి వచ్చింది. అక్కడ వారు నెలకొల్పుకొన్న శిబిరం పేరు హింద్ నగర్. ముళ్లకంచెల వెనుక ఇరవైరెండు వేలకు పైగా ఖైదీలు! వారిలో బలమైన ముఠాలు తోటివారిని భయపెట్టి అదుపులో ఉంచుకొనేవి. ఒకసారి వారు ఒక భారతీయ అధికారిని నిర్బంధించగా, థోరట్ కొద్దిమందితో లోపలికి వెళ్లి శాంతవచనాలతో విడిపించారు. అక్టోబరు తొలి దినాలలో అల్లర్లు మితిమీరినపుడు మాత్రం కాల్పులు తప్పలేదు. కొందరు ఖైదీలు మరణించారు.

ఒప్పందం ప్రకారం స్వదేశ ప్రతినిధులు ఖైదీలను కలిసి నచ్చచెప్పాలి. ఆపైన ఖైదీ తన నిర్ణయం తెలపాలి. చాలామంది ఆ ప్రతినిధుల ఎదుటికి రావడానికే ఒప్పుకోలేదు. బలవంతంగానైనా రప్పించాలని ఉత్తర పక్షం కోరింది. అలా చేస్తే రక్తపాతం తప్పదని గ్రహించిన తిమ్మయ్య అందుకు అంగీకరించలేదు. ఉత్తర పక్షం ఆయనను నిందించింది. దక్షిణ కొరియా మొదటినుండీ భారత్‌ను శంకిస్తూనే ఉన్నది.

గడువు ముగియవచ్చింది. ఖైదీల సమస్యను తేల్చవలసిన రాజకీయ సమావేశం జరగనేలేదు. వారిని విడుదల చేసే అధికారం గాని, గడువు దాటాక నిర్బంధించే అధికారం గాని తనకు లేదని తిమ్మయ్య భావించారు. 1954 జనవరి 20 నుండి వారిని, అప్పగించిన పక్షాలకే తిరిగి అప్పగించారు. ఏ పక్షమూ పూర్తిగా సంతోషించలేదు. అయినా యుద్ధం మళ్లీ రగులుకోలేదు. ఇరుపక్షాలనూ కాదని తటస్థ దేశాలను కోరుకొన్న 88 మంది భారత సైనికులతో పాటు మన దేశానికి తరలివచ్చారు.

ఆ ఏడాదే ప్రభుత్వం తిమ్మయ్యను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1957 నుండి 1961 వరకు ఆయన భారత సైన్యాధిపతిగా సేవలందించారు. 1964లో గ్రీకు, తురుష్క వర్గాల కలహాలతో చీలిన సైప్రస్ ద్వీపంలో ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు అధిపతి అయ్యారు. విశ్రాంతి కోరదగిన వయసులో మళ్లీ రెండు వైరివర్గాల నడుమ నిలిచి, 1965 డిసెంబరు 18న విధి నిర్వహణలోనే గుండెపోటుతో కన్నుమూశారు. మరుసటి ఏడాది సైప్రస్ ఆయన స్మృత్యర్థం తపాలా బిళ్ల విడుదల చేసింది.

చేత ఆయుధం ధరించి కూడ, దాని ప్రయోగానికి తొందరపడకపోవడమే కొరియా సరిహద్దున తిమ్మయ్య చూపిన శౌర్యం. ఆ శౌర్యానికి విజయోత్సవాలు ఉండవు. అది నిలిపిన ప్రాణాలే దానికి సాక్ష్యం.