యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) ప్రపంచ ప్రసిద్ధి పొందిన తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు అనగానే ఈయన పేరు చెబుతారు. ఎముకలకు ముఖ్యమైన భాస్వరాన్ని రక్తంలో కొలిచే పద్ధతిని రూపొందించిన ఇద్దరిలో ఈయన ఒకడన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

బాల్యము, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణుడు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు ననుసరించి ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1922లో అమెరికా చేరాడు. హార్వర్డులో ఉంటూ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసి పొట్ట పోసుకున్నాడు.

భాస్వరం కొలత

శరీరంలోని భాస్వరంలో సుమారు 85 శాతం ఎముకలలోనూ దంతాలలోనూ కాల్షియంతో కలిసి ఉంటుంది. ఎముకకు గట్టిదనం ఈ లవణం వల్లనే. విటమిన్ డి లోపించి రికెట్స్ వచ్చిన పిల్లలలో సాధారణంగా రక్తంలోని భాస్వరం తగ్గుతుంది, ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోతాయి. మూత్రపిండాలు చెడినవారిలో భాస్వరం పెరిగి ఎముకలు బలహీనమవుతాయి. లోహాలతోనూ ముప్పు ఉంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ గల కడుపుమంట మందులను దీర్ఘకాలం అధికంగా వాడితే, అవి ఆహారంలోని భాస్వరాన్ని పేగులలోనే పట్టివేస్తాయి. కనుక రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో తెలియడం వైద్యునికి అవసరం.

సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు ఈ కొలత పద్ధతిని 1925లో ప్రచురించాడు. రక్తంలోని మాంసకృత్తులను ఆమ్లంతో తొలగించి, మిగిలిన ద్రవానికి అమ్మోనియం మాలిబ్డేటును, తరువాత ఒక క్షయకరణిని కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ఇది జీవరసాయన విద్యార్థులకు సుపరిచితం. నేటి యంత్రాలు కూడా చాలావరకు మాలిబ్డేటు చర్య మీదనే ఆధారపడతాయి.

తరువాతి పరిశోధనలు

భాస్వరాన్ని వెదుకుతూనే వీరిద్దరూ కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని గుర్తించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు ఏ.టి.పి.ని కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డు ఈయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించాడు. భారతదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగష్టులో న్యూయార్క్ రాష్ట్రంలో మరణించాడు.

ఈయన నేతృత్వంలో, డగ్గర్ కృషితో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్లలో మొదటిది. ఈ మందులు కాల్షియంతో కలిసి, పెరిగే ఎముకలలోనూ దంతాలలోనూ చేరుతాయని ఆయన మరణానంతరం తేలింది. అందుకే వీటిని గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. అయితే ఎముకలో చేరిన ఈ మందు అతినీలలోహిత కాంతిలో మెరుస్తుంది. కొన్ని రోజుల ఎడంతో రెండుసార్లు ఇచ్చి, ఆ మెరిసే గీతల మధ్య దూరాన్నిబట్టి ఎముక ఎంత వేగంగా ఏర్పడుతున్నదో వైద్యులు లెక్కిస్తారు.