నలభై దాటిన తరువాత సి.కె. నాయుడు

మా గడ్డపోతారంలో కర్మాగారాల నడుమ మిగిలిన ఖాళీ స్థలాలలో ఆదివారం ఉదయాన క్రికెట్ ఆడే యువకులను నేను తరచు చూస్తూ ఉంటాను. ముప్పై దాటిన కార్మికుడెవరైనా బ్యాటు పట్టుకొంటే చిన్నవారు నవ్వుతారు. ఈడు మీరినవాడు గట్టున కూర్చుని చూడవలసిందేనని వారి భావం కాబోలు. అటువంటప్పుడు నాకు కర్నల్ సి.కె. నాయుడుగారు జ్ఞాపకం వస్తారు. ఆయన పేరిట నేడు క్రికెట్ బోర్డు నడుపుతున్న పోటీ యువకులకే పరిమితమైనది. వయసు దాటినవారికి అందులో ప్రవేశం లేదు! ఆయన జీవితం ఎరిగినవారికి ఇది కొంత విచిత్రంగానే తోస్తుంది.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించారు. వారిది మచిలీపట్నం నుండి తరలివెళ్ళిన తెలుగు కుటుంబం. తాతగారు నారాయణస్వామి నాయుడు పేరు మోసిన న్యాయవాది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివి, హోల్కరు సంస్థానంలో న్యాయమూర్తి పదవి నిర్వహించారు. ఇంటిలో కలిమికి కొదవ లేదు.

1916లో బొంబాయి పోటీలలో హిందువుల జట్టు తరఫున యూరోపియనులతో ఆడినది ఆయన మొదటి పెద్ద ఆట. 79 పరుగులకు ఏడు వికెట్లు కూలిన దశలో మైదానంలోకి వచ్చి, మూడు బంతులను అడ్డుకొని, నాలుగవ బంతిని సిక్సరుగా పంపారు. 1923లో హోల్కరు మహారాజు ఆయనను ఇందూరుకు పిలిపించి తమ సైన్యంలో ఉద్యోగమిచ్చారు. కర్నల్ బిరుదానికి మూలం ఆ కొలువే.

1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయి జిమ్‌ఖానా మైదానంలో ఆర్థర్ గిల్లిగాన్ నాయకత్వాన వచ్చిన ఇంగ్లండు ఎం.సి.సి. జట్టుపై ఆయన రెండు గంటలు నిండకుండానే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. విదేశీయులతో సమానంగా నిలువగలమనే ధైర్యం మన క్రీడాలోకానికి ఆనాడే కలిగింది. 1928లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది.

కాని భారతదేశం మొదటి టెస్టు ఆడింది 1932 జూన్ 25న. అప్పటికి నాయుడుగారికి 36 ఏళ్ళు నిండాయి. ఇతర దేశాల ఆటగాళ్ళు ఇక చాలునని విశ్రమించే ఈడులో ఆయన టెస్టు జీవితం ఆరంభమైనదన్నమాట. ఉత్తమమైన పదిహేను సంవత్సరాలు టెస్టు ఆటే లేని దేశంలో గడచిపోయాయి. దీనికి ఆయనను తప్పు పట్టేందుకు వీలు లేదు, కాలం అట్టిది.

ఆ పర్యటనకు పోరుబందరు మహారాజు నాయకుడు. తన శక్తి ఎంతో ఎరిగిన ఆ రాజు టెస్టునాడు తప్పుకొని బాధ్యతను నాయుడుగారికి అప్పగించారు. ఆ వివేకం మెచ్చదగినది. లార్డ్సులో చేతికి దెబ్బ తగిలినా నాయుడుగారు చేసిన 40 పరుగులే మొదటి ఇన్నింగ్సులో మనవారి అత్యధికం. ఇంగ్లండు 158 పరుగులతో గెలిచింది. ఆ వేసవిలో ఆయన 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీశారు. మరుసటి సంవత్సరం విజ్డెన్ గ్రంథం ఆయనను ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఒకరిగా ఎన్నుకొంది.

1936 పర్యటనలో ఆ వివేకం కనబడలేదు. నాయకత్వం విజయనగరం మహారాజకుమారునికి దక్కింది. ఆయనా తెలుగు సీమ సంస్థానం వారే గాని, ఆటలో నాయుడుగారికి సాటి రారు. నలభై ఏళ్ళ నాయుడుగారు ఆ నాయకుని క్రింద సామాన్య సభ్యునిగా ఆడారు. ఓవల్ మైదానంలో ఎలెన్ విసిరిన బంతి దేహానికి బలంగా తగిలినా నిలబడి 81 పరుగులు చేశారు. టెస్టులలో అదే ఆయన అత్యధికం, అదే ఆయన చివరి టెస్టు కూడా. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. ఈ అంకెలు మాత్రమే చూచే విద్యార్థి ఆయనను సామాన్యుడనుకొంటే ఆశ్చర్యం లేదు.

మరొకరైతే అక్కడితో కథ ముగిసేది. ఆయన మాత్రం ఇందూరుకు మరలివచ్చి, రంజీ పోటీలలో హోల్కరు జట్టును తీర్చిదిద్దటానికి పూనుకొన్నారు. క్రమశిక్షణలో కఠినులు, అలసటను సాకుగా అంగీకరించేవారు కారు. 1945-46లో బరోడాపై ఏబదవ ఏట 200 పరుగులు చేశారు. హోల్కరు మొదటిసారి రంజీ ట్రోఫీ గెలిచింది ఆ ఏడే. 1952-53 లోపల మరి మూడుసార్లు గెలిచింది. 1951-52లో బొంబాయి జట్టుతో ఆడుతుండగా ఫడ్కర్ బంతి నోటికి తగిలి రెండు పళ్ళు ఊడిపోయాయి. వాటిని పిచ్‌పై నుండి ప్రక్కకు తోసి, ఆయన ఆట సాగించారు. అప్పటికి ఆయనకు 56 ఏళ్ళు.

తెలుగువారికి ప్రత్యేకించి చెప్పవలసిన ఘట్టం మరొకటి ఉన్నది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆ 1953-54 సంవత్సరంలోనే ఆంధ్ర జట్టు మొట్టమొదటిసారి రంజీ పోటీలలో ప్రవేశించింది. అనుభవం లేని ఆ క్రొత్త జట్టుకు నాయకునిగా వచ్చినవారు 58 ఏళ్ళ నాయుడుగారు. నాగపూరులో పుట్టి, ఇందూరులో స్థిరపడి, లార్డ్సులో నాయకత్వం వహించిన వ్యక్తి పూర్వుల గడ్డ పేరున ఆడటం నాకు టెస్టు కంటె తక్కువగా తోచదు.

1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. బిరుదు అందుకొన్న పిమ్మట విశ్రమించారనుకొంటే పొరపాటు. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున రాజస్థాన్‌పై 84 పరుగులు చేశారు, 61వ ఏట! యువకుల స్థానం ఆక్రమించారని ఎవరైనా అనవచ్చు. ఆ మాటను నేను పూర్తిగా తోసిపుచ్చను. కాని ఆ స్థానాన్ని పాత పేరు చూపి కాక, పరుగులు చేసి నిలుపుకొన్నారన్నది మరువరాదు.

1963-64లో ఒక సహాయార్థ పోటీలో 68 ఏళ్ళ వయసున చివరిసారి బ్యాటు పట్టారు. మొత్తం 207 ఆటలు, 11,825 పరుగులు, 411 వికెట్లు. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో కన్నుమూశారు.