ఆయాసం గుట్టు వెతికిన పెయింటల్

ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆయాసం వస్తుంది. ఆ కబురు మెదడుకు ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నకు దారి చూపిన భారతీయ శాస్త్రవేత్త అవతార్ సింగ్ పెయింటల్.

1925లో బర్మాలోని మొగోక్‌లో పుట్టారు. లక్నోలో వైద్యం చదివి, ఎడిన్‌బరోలో పరిశోధన చేశారు. వేగస్ నాడిలో వేల పోగులుంటాయి. వాటిలో ఒక్క పోగును విడదీసి, అందులో పరుగెత్తే విద్యుత్ సంకేతాలను నమోదు చేయడంలో ఆయన దిట్ట. ఆ నేర్పుతోనే 1955లో పిల్లుల ఊపిరితిత్తుల్లో కొత్తరకం నాడీ గ్రాహకాల గురించి వెల్లడించారు. ఊపిరితిత్తులు ముడుచుకున్నప్పుడు అవి స్పందిస్తాయనుకుని, ఆ అర్థం వచ్చేలా పేరు పెట్టారు.

తర్వాతి ప్రయోగాలు వేరే సంగతి చెప్పాయి. రక్తకేశనాళికల్లో ఒత్తిడి పెరిగి, వాటి చుట్టూ నీరు ఊరినప్పుడే ఆ గ్రాహకాలు ఎక్కువగా మేల్కొంటున్నాయి. సంకేతం వేగస్ మీదుగా మెదడుకు వెళ్తుంది. ప్రతీకార చర్యగా శ్వాస కాసేపు ఆగి, ఆపై వేగంగా, పైపైనే సాగుతుంది. గుండె నెమ్మదిస్తుంది. స్వరపేటిక, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. కాళ్ల కండరాల పట్టు కూడా సడలుతుంది. శ్రమ ఇక చాలని శరీరం తనను తాను ఆపుకొనే ఏర్పాటు ఇదని పెయింటల్ భావించారు.

తాను పెట్టిన పేరును తానే పక్కనపెట్టి, 1969లో వాటిని జె గ్రాహకాలన్నారు. కేశనాళికల పక్కన ఉండేవని దాని అర్థం. వైద్య పుస్తకాల్లో నిలిచింది ఆ పేరే.

ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వైద్య సంస్థను నడిపారు. 1981లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. పరిశోధనల్లో నిజాయితీ కోసం ఒక శాస్త్రవేత్తల సంఘాన్ని నెలకొల్పారు. 2004లో కన్నుమూశారు. సాక్ష్యం మారితే సొంత మాటనూ మార్చుకోవాలన్న నియమాన్ని ఆయన ముందు తనకే వర్తింపజేసుకున్నారు.