డిగ్రీ లేని ఇంజినీరు.. 1900లోనే హైబ్రిడ్ కారు!

కారు కొనాలని ఇంట్లో మాట రాగానే మొదలయ్యే చర్చ మీకు తెలిసిందే. నాన్న పెట్రోలంటారు, అన్నయ్య ఎలక్ట్రిక్ అంటాడు. మధ్యలో ఎవరో ఒకరు హైబ్రిడ్ చూడమంటారు. అదేదో ఈమధ్యే వచ్చిన కొత్త సరుకని అందరం అనుకుంటాం. కానీ పెట్రోలు ఇంజిన్, కరెంటు మోటారు కలిసి నడిపే కారు 1900లోనే రోడ్డెక్కింది. దాన్ని తయారుచేసిన కుర్రాడికి అప్పుడు పాతికేళ్లు. చేతిలో ఇంజినీరింగ్ డిగ్రీ లేదు. పేరు ఫెర్డినాండ్ పోర్షే. అవును, ఇప్పుడు ఖరీదైన స్పోర్ట్స్ కార్ల మీద కనిపించే పేరు అదే.

ఆయన జీవితం ఎందుకు తెలుసుకోవాలంటే రెండు కారణాలున్నాయి. హైబ్రిడ్ కారు ఎలా పనిచేస్తుందో ఆయన కథలో తేలిగ్గా అర్థమవుతుంది. చేతిలో గొప్ప నైపుణ్యం ఉన్న మనిషి దాన్ని ఎవరి కోసం వాడాలన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది.

రేకుల పనివారి ఇంట్లో కరెంటు పిచ్చి

పోర్షే 1875 సెప్టెంబరు 3న మాఫర్స్‌డార్ఫ్ అనే ఊళ్లో పుట్టాడు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని బొహీమియా ప్రాంతం. ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. తండ్రి ఆంటన్‌ది రేకుల పని. ఆ పనిశాలలోనే జరిగిన ప్రమాదంలో పెద్దకొడుకు చనిపోవడంతో, తన తర్వాత దాన్ని ఫెర్డినాండే చూసుకోవాలని ఆయన ఆశపడ్డాడు.

కుర్రాడి మనసు మాత్రం ఇంకోచోట ఉంది. ఆ ఊళ్లోని తివాచీల ఫ్యాక్టరీలో కరెంటు దీపాలు వెలిగేవి. అవి చూసినప్పటి నుంచి అతనికి వేరే ధ్యాస లేదు. పగలు తండ్రి దగ్గర రేకులు కొట్టడం, సాయంత్రం పక్కనున్న రైషెన్‌బర్గ్ పట్టణంలో సాంకేతిక పాఠశాలకు పోవడం. ఈ కరెంటు గొడవ తండ్రికి సుతరామూ నచ్చలేదు. అయినా 1893లో పోర్షే తన ఇంటికి తనే కరెంటు దీపాలు బిగించాడు. అదే ఏడాది, పద్దెనిమిదో ఏట, వియన్నాలోని బేలా ఎగ్గర్ అనే విద్యుత్ పరికరాల కంపెనీలో పనికి చేరాడు.

అక్కడ అతని ఎదుగుదల గమనించండి. మామూలు మెకానిక్‌గా అడుగుపెట్టి, నాలుగేళ్లలో పరీక్షల విభాగానికి అధిపతి అయ్యాడు. పని ముగిశాక వియన్నా సాంకేతిక విద్యాసంస్థలో పాఠాలు వినడానికి వెళ్లేవాడు. అక్కడి విద్యార్థి కాదు కాబట్టి పట్టా రాలేదు. పాఠం మాత్రం వచ్చింది.

చక్రంలోనే మోటారు

వియన్నాలో యాకోబ్ లోనర్ కంపెనీ అప్పటికి రాజకుటుంబానికి గుర్రపు బగ్గీలు చేసిచ్చేది. గుర్రాల కాలం అయిపోతోందని దాని యజమాని లుడ్విగ్ లోనర్ పసిగట్టాడు. పెట్రోలు కార్ల చప్పుడు, వాసన ఆయనకు గిట్టేవి కావు. అందుకే కరెంటు బండ్లపై దృష్టి పెట్టి పోర్షేను తీసుకున్నాడు.

పోర్షే చేసిన పని వినడానికి చాలా చిన్నది. మోటారును బండి మధ్యలో పెట్టి గొలుసులతోనో పళ్లచక్రాలతోనో చక్రాలను తిప్పే బదులు, ముందు చక్రాల్లోనే ఒక్కో మోటారు అమర్చాడు. గేర్లు లేవు, గొలుసులు లేవు. మధ్యలో తిరిగే భాగాలు తగ్గితే రాపిడి తగ్గుతుంది, శక్తి వృథా కాదు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఈ కారు అందరి కళ్లనూ ఆకర్షించింది.

అయితే ఓ పెద్ద తలనొప్పి మిగిలింది. బ్యాటరీ! అప్పట్లో ఉన్నవి సీసం బ్యాటరీలు. ఎక్కువ దూరం పోవాలంటే ఎక్కువ బ్యాటరీలు పెట్టాలి. అవి పెడితే బరువు పెరుగుతుంది. ఆ బరువు మోయడానికే మళ్లీ కరెంటు ఖర్చు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక ఆర్డరు కోసం నాలుగు చక్రాల్లోనూ మోటార్లు పెట్టి ఓ కారు చేశాడు. దాని బ్యాటరీ ఒక్కటే సుమారు 1,800 కిలోలు తూగింది. అంటే ఈరోజు మన రోడ్ల మీద తిరిగే ఓ పెద్ద ఎస్‌యూవీ మొత్తం బరువంత!

బ్యాటరీ తగ్గించు, ఇంజిన్ పెట్టు

ఇక్కడే పోర్షే దారి మార్చాడు. దూరానికి సరిపడా కరెంటును బండిలో మోసుకుపోవడం ఎందుకు? దారిలోనే తయారుచేసుకుంటే పోలా?

1900లోనే ఆ ఆలోచనకు రూపమిచ్చాడు. బ్యాటరీని 74 సెల్స్ నుంచి 44కు తగ్గించాడు. మిగిలిన చోట రెండు చిన్న పెట్రోలు ఇంజిన్లు పెట్టాడు. ఒక్కోటీ సుమారు మూడున్నర హార్స్‌పవర్. వీటికీ చక్రాలకూ ఏ సంబంధమూ లేదు. అవి జనరేటర్లను మాత్రమే తిప్పుతాయి. ఆ కరెంటు చక్రాల్లోని మోటార్లకు వెళ్తుంది, మిగిలింది బ్యాటరీలో చేరుతుంది. ఇంకో చమత్కారం ఏంటంటే, ఇంజిన్ స్టార్ట్ చేయడానికి చేత్తో హ్యాండిల్ తిప్పక్కర్లేదు. బ్యాటరీ కరెంటుతో ఆ జనరేటరే మోటారులా తిరిగి ఇంజిన్‌ను లేపుతుంది. ఈ బండికి సెంపర్ వివుస్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఎప్పటికీ సజీవం అని అర్థం. బ్యాటరీ అయిపోయి దారిలో ఆగిపోదు కదా మరి!

ఈ సూత్రం మీకు కొత్తదేం కాదు. కాజీపేట, గుత్తి షెడ్లలో చూసే డీజిల్ రైలింజన్లలో కూడా డీజిల్ ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పదు. జనరేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరి మోటార్లు తిరుగుతాయి. ఇంజినీరింగ్ భాషలో ఇంజిన్, జనరేటర్, మోటారు ఒకదాని వెనక ఒకటి ఉండే ఈ పద్ధతిని సిరీస్ అంటారు. ఇంజిన్, మోటారు రెండూ చక్రాలకు శక్తి ఇవ్వగలిగితే అది ప్యారలల్. ఈ రెండింటినీ కలిపి, పరిస్థితిని బట్టి అటూ ఇటూ మారే ఏర్పాటుతో టయోటా 1997 డిసెంబరులో జపాన్‌లో ప్రియస్‌ను అమ్మకానికి తెచ్చింది.

అంత బాగుంటే ఎందుకు ఆగింది?

సరైన ప్రశ్న. పోర్షే హైబ్రిడ్ పనిచేసింది, కానీ జనంలోకి పోలేదు. ఇంజిన్, జనరేటర్, బ్యాటరీ, మోటార్లు.. అన్నీ కొనాలి, అన్నీ మోయాలి, అన్నీ బాగుచేయించాలి. అదే సమయంలో పెట్రోలు ఇంజిన్ ఏటికేడు మెరుగుపడింది, చవకైంది. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. దాంతో హ్యాండిల్ తిప్పే బాధ కూడా పోయింది. ఇక కొనేవాడికి హైబ్రిడ్ అవసరం కనిపించలేదు.

ఇంకో లోటు కూడా ఉంది. ఎప్పుడు ఇంజిన్ ఆపాలి, ఎప్పుడు బ్యాటరీ వాడాలి అనేది క్షణక్షణం లెక్కవేసే కంప్యూటర్ ఆరోజుల్లో లేదు. తేలికైన బ్యాటరీలు, భారీ కరెంటును నియంత్రించే సెమీకండక్టర్లు కూడా తర్వాతి తరాలవే. ఆలోచన సరైనదే, దానికి కావాల్సిన సామగ్రి రావడానికి తొంభై ఏళ్లకు పైనే పట్టింది.

పోర్షే మాత్రం ఆగలేదు. 1906లో ఆస్ట్రో-డైమ్లర్ కంపెనీకి సాంకేతిక అధిపతిగా వెళ్లాడు. 1910లో ప్రిన్స్ హెన్రీ పోటీలో ఆయన రూపొందించిన కార్లే మొదటి మూడు స్థానాలు సాధించాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన పెట్రోలు-విద్యుత్ పద్ధతి భారీ ఫిరంగులను లాగే బండ్లకు పనికొచ్చింది. ఒకప్పుడు వెనక బెంచీలో పాఠాలు విన్న వియన్నా సాంకేతిక విద్యాసంస్థ నుంచే గౌరవ డాక్టరేట్ అందుకున్నాడు. 1923లో జర్మనీలోని డైమ్లర్‌కు మారాడు. 1931లో స్టట్‌గార్ట్‌లో సొంతంగా డిజైన్ సంస్థ పెట్టాడు.

మాట్లాడుకోవాల్సిన చీకటి

ఇంతవరకే చెప్పి ఆపేస్తే ఇది మంచి స్ఫూర్తి కథ. కానీ అది సగం నిజమే అవుతుంది.

1934లో సామాన్యుల కారును రూపొందించే పని హిట్లర్ ప్రభుత్వ ప్రోత్సాహంతో పోర్షే చేతికి వచ్చింది. తర్వాత ప్రపంచమంతా బీటిల్ అని పిలిచిన ఫోక్స్‌వ్యాగన్ కారు అదే. ఆయన 1937లో నాజీ పార్టీలో చేరాడు. యుద్ధం వచ్చాక ఆ ఫ్యాక్టరీ సైన్యం కోసం పనిచేసింది. పోర్షే పైస్థాయి నాయకత్వంలో ఉన్న ఆ ఫ్యాక్టరీలోనే యుద్ధ ఖైదీలతో, నిర్బంధ శిబిరాల నుంచి తెచ్చినవారితో బలవంతపు చాకిరీ చేయించారు.

ఆయన హైబ్రిడ్ ఆలోచన కూడా అదే దారి పట్టింది. టైగర్ ట్యాంకు కోసం పెట్రోలు ఇంజిన్లు, జనరేటర్లు, మోటార్లతో ఓ నమూనా ఇచ్చాడు. అది అతిగా వేడెక్కేది, మొరాయించేది. సైన్యం దాన్ని కాదని హెన్షెల్ కంపెనీ నమూనాను తీసుకుంది. అప్పటికే తయారైన సుమారు 90 ఛాసిస్‌లను ట్యాంకు విధ్వంసక వాహనాలుగా మార్చి, వాటికి ఆయన పేరే పెట్టారు. ఫెర్డినాండ్! 1943లో కుర్స్క్ యుద్ధంలో అవి దిగాయి.

యుద్ధం ముగిశాక 1945 డిసెంబరులో ఫ్రాన్స్ అధికారులు ఆయన్ను అరెస్టు చేశారు. సుమారు 20 నెలలు నిర్బంధంలో ఉండి 1947లో బయటికొచ్చాడు. తర్వాత ఫ్రాన్స్‌లో కేసు కొట్టేశారు. పోర్షే పేరుతో తొలి స్పోర్ట్స్ కారు 356ను 1948లో కొడుకు ఫెర్రీ తెచ్చాడు. ఫెర్డినాండ్ 1951 జనవరి 30న, 75వ ఏట చనిపోయాడు.

తాను ఇంజినీరును మాత్రమే, మిగతాది తనకు సంబంధం లేదు అనుకునే మనిషి ఎంతదూరం పోగలడో ఈ జీవితం చూపిస్తుంది. కోర్టు తీర్పు ఏదైనా, ఆ ఫ్యాక్టరీలో నలిగిన మనుషుల లెక్క దాంతో తీరిపోదు.

మరి ఇప్పుడు కొనొచ్చా?

ఇంట్లో చర్చ అక్కడే ఉంది కాబట్టి లెక్కలోకి వద్దాం. ముందు పేరు చూసి మోసపోకండి. మైల్డ్ హైబ్రిడ్ అంటే మోటారు కాస్త చేయూత మాత్రమే ఇస్తుంది, దానంతట అది బండిని నడపదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ తక్కువ వేగంలో, కొంతదూరం కరెంటుతోనే పోతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ పెద్దది, ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు.

హైబ్రిడ్ పెట్రోలు ఎక్కడ ఆదా చేస్తుంది? సిగ్నళ్ల దగ్గర, ట్రాఫిక్‌లో. ఆగినప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని మోటారు జనరేటర్‌గా మారి బ్యాటరీలోకి పంపుతుంది. అందుకే నగరంలో లాభం ఎక్కువ. హైవేలో ఒకే వేగంతో పోతుంటే బ్రేకులు తక్కువ, ఆదా కూడా తక్కువే.

ఇప్పుడు కాగితం తీసుకోండి. లెక్క కోసం లీటరు పెట్రోలు రూ.100, మామూలు కారు 16 కి.మీ., హైబ్రిడ్ 24 కి.మీ. ఇస్తాయని, హైబ్రిడ్ ధర రూ.2 లక్షలు ఎక్కువని అనుకుందాం. మీ ఇంట్లో ఏడాదికి 10,000 కి.మీ. తిరిగితే మామూలు కారుకు 625 లీటర్లు, హైబ్రిడ్‌కు 417 లీటర్లు. ఆదా దాదాపు రూ.20,800. అదనంగా పెట్టిన రూ.2 లక్షలు రావడానికి తొమ్మిదిన్నర ఏళ్లు పైనే పడుతుంది. అదే 25,000 కి.మీ. తిరిగితే ఏడాదికి రూ.52,000 మిగులుతుంది. నాలుగేళ్లలోపే డబ్బు తిరిగొస్తుంది. కంపెనీ చెప్పే మైలేజీ కాకుండా, ఆ కారు వాడుతున్నవారికి నిజంగా వస్తున్న మైలేజీని ఇందులో వేయండి.

బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో రాతపూర్వకంగా చూడండి. సొంత పార్కింగ్‌లో చార్జర్ పెట్టుకునే వీలుండి, రోజూ తిరిగేది తక్కువ దూరమే అయితే పూర్తి ఎలక్ట్రిక్‌తోనూ పోల్చండి. అపార్ట్‌మెంట్‌లో చార్జింగ్ కుదరక, ట్రాఫిక్‌లో ఎక్కువ తిరిగేవారికి స్ట్రాంగ్ హైబ్రిడ్ నప్పుతుంది. వారానికోసారి బయటికి తీసే ఇంటికి మాత్రం మామూలు పెట్రోలు కారే లాభం.

మీకేం పని?

హైబ్రిడ్ కారులో మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, సాఫ్ట్‌వేర్ నాలుగూ ఒకేచోట కలుస్తాయి. మీది ఏ బ్రాంచి అయినా పక్క బ్రాంచి కాస్త తెలిసుండాలి. మెకానికల్‌వాళ్లు మోటార్లు, పవర్ ఎలక్ట్రానిక్స్ చదవండి. ఈఈఈవాళ్లు ఇంజిన్ ఎప్పుడు తక్కువ ఇంధనంతో ఎక్కువ పని చేస్తుందో తెలుసుకోండి. ఐటీఐ, డిప్లొమా చేసేవారు అధిక వోల్టేజీ బ్యాటరీల దగ్గర జాగ్రత్తగా పనిచేయడం నేర్చుకోండి. ఇలాంటి కార్లు పెరిగేకొద్దీ వాటిని విప్పగలిగే చేతులూ కావాలి. ఎన్‌పీటెల్‌లో ఎలక్ట్రిక్ వాహనాల మీద ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పిన పాఠాలున్నాయి. సీటు రాలేదని బాధపడేవారికి కూడా అవి తెరిచే ఉన్నాయి.

సాయంత్రం పూట పక్క ఊరికి పోయి పాఠాలు విన్న రేకుల పనివాడి కొడుకు నుంచి ఆ పట్టుదల తీసుకోండి. రేపు ఉద్యోగం వచ్చాక, మీరు గీసిన బొమ్మ ఎక్కడికి పోతోంది, మీరు చేసిన వస్తువును ఎవరు, ఎవరి మీద వాడబోతున్నారు అని ఒక్కసారి అడగండి. పోర్షే దగ్గర నేర్చుకోకూడనిది ఆ ప్రశ్న అడగకపోవడమే.