పావులూరి మల్లన – భాగానుబంధము

చిత్తూరు సంతలో ఉర్దూ మాటలాడువారు సవా, డేఢ్, ఢాయి అని కొలుచుచుండగా తెలుగువారు ఒకటింబావు, ఒకటిన్నర, రెండున్నర అని కొలుచుచుందురు. పూర్ణాంకమును, దాని ప్రక్కనున్న తునకను ఒక్కమాటలో బంధించుట రెండు భాషలకును అలవాటే. అట్టి సంఖ్యను లెక్కకు ఎట్లు లొంగదీయవలెనో తెలుగు పద్యములలో చెప్పిన కవి పావులూరి మల్లన.

ఇంటిపేరు పావులూరు గ్రామమునుండి వచ్చినది. రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరమున పాలించుచు, నన్నయచేత భారతమును తెనిగింపజేసిన 11వ శతాబ్దిలో, పిఠాపురము చెంతనున్న నవఖండవాడ ఆ వంశమునకు దానముగా లభించెను. దానమును పొందినది తాత, గ్రంథమును రచించినది అదే పేరుగల మనుమడు అని కొందరు పండితులు. ఇరువురును ఒక్కరే అని కొందరు. తాత పేరు మనుమనికి పెట్టు మన ఆచారమే చరిత్రకారులకు ఇంత చిక్కు తెచ్చిపెట్టినది! మాకు మనుమడే కవి యను వాదము సమంజసముగా తోచుచున్నది.

రాష్ట్రకూట అమోఘవర్ష నృపతుంగుని కాలమున, సుమారు 850లో, జైనాచార్యుడగు మహావీరుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. మల్లన దానిని సారసంగ్రహగణితముగా తెనిగించెను. శైవుడగుటచే జైన సంబంధములగు ఉదాహరణములను తన మతమునకు అనుగుణముగా మార్చుకొనెను. లెక్కను మాత్రము మార్చలేదు. శాస్త్రము పండితులకే గాక లెక్క వ్రాయువారికిని మాతృభాషలో అందవలెనన్నచో ఇంతకంటె మేలైన త్రోవ లేదని మా యభిప్రాయము. తరువాతి కాలమున కరణములు చదువుకొన్న గణితము ఇదియే.

భిన్నముల ప్రకరణమునకు మహావీరుడు కలాసవర్ణమని పేరిడెను. అందు పూర్ణాంకముతో భిన్నము కూడియున్నది భాగానుబంధము. పూర్ణాంకమును హారముచే గుణించి, లవమును కలుపవలెను. మూడుంబావు తీసికొందము. ఒక్కొక్క పూర్ణమునందు నాలుగు పావులు, మూడింటికి 12, ఉన్న పావుతో 13. కావున 13/4. మా చిన్ననాట మాలో పలువురము మూడును ఒకటిని ముందు కూడి, నాలుగుచే గుణించి, 16 అని వ్రాసి దెబ్బలు తిన్నవారమే. పూర్ణములను పావులుగా విడగొట్టక పావుతో కలుపుట, రూపాయలను అణాలతో కలిపి లెక్కించుటవంటిది. 1957కు పూర్వము రూపాయికి 16 అణాలు గదా. రూపాయి నాలుగణాలనగా 20 అణాలు, అనగా 20/16 రూపాయలు. ఆనాటి అంగడివాడు ఈ సూత్రమును పేరు తెలియకయే నిత్యము వాడెను. పూర్ణాంకమునుండి భిన్నమును తీసివేయవలసినప్పుడు అది భాగాపవాహము: అయిదింటిలో మూడవవంతు తగ్గినచో 15నుండి 1 పోయి 14/3.

ప్రాచీనులు పూర్ణాంకమును పైన, లవమును దానిక్రింద, హారమును అడుగున వ్రాసెడివారు. నడుమ గీత లేదు. ఆ గీతను చేర్చినవారు అరబ్బు గణితజ్ఞులు. నేడు ఏ పలకమీద 13/4 వ్రాసినను అందు ఇరువురి చేతివ్రాతయు కలదు.

మల్లన గ్రంథము తాటాకులనుండి వెలికివచ్చి శుద్ధరూపము పొందుటకు మన తిరుపతికిని సంబంధము కలదు. దానిని పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తమ కడపటి సంవత్సరములను ఇచ్చటి ప్రాచ్య పరిశోధన సంస్థలో గడిపి, 1950లో ఈ యూరనే కన్నుమూసిరి.