ఉప సభాపతి పదవికి వన్నె తెచ్చిన రుక్మిణీ లక్ష్మీపతి

ఉప్పు చట్టాన్ని ధిక్కరించి 1930లో కారాగారవాసం అనుభవించిన మహిళ, ఏడేళ్ల అనంతరం చట్టాలు చేసే సభకే ఉప సభాపతిగా ఎన్నికయ్యారు. ఆమే శ్రీమతి ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి. మద్రాసు రాష్ట్ర శాసనసభకు 1937 జూలైలో ఆమె ఉప సభాపతి అయ్యారు. తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ ప్రాంతాల ప్రతినిధులతో కూడిన ఆ సభలో ఒక తెలుగింటి కోడలికి ఈ గౌరవం దక్కింది.

రుక్మిణీ లక్ష్మీపతి 1892 డిసెంబరు 6న మద్రాసులో జన్మించారు. స్త్రీలకు ఉన్నత విద్య అరుదైన ఆ రోజుల్లో మద్రాసు ఉమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో బి.ఏ. చదివారు. ప్రముఖ ఆయుర్వేద వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిని వివాహమాడారు. 1923లో కాంగ్రెస్‌లో చేరారు. 1926లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా ఓటుహక్కు మహాసభలో పాల్గొన్నారు.

1930 ఏప్రిల్‌లో రాజాజీ నాయకత్వాన తిరుచిరాపల్లి నుంచి వేదారణ్యానికి ఉప్పు సత్యాగ్రహ యాత్ర సాగింది. వేదారణ్యం సత్యాగ్రహంలో పాల్గొన్న రుక్మిణీ లక్ష్మీపతికి ఏడాది శిక్ష పడింది. ఆ ఉద్యమంలో తొలుత శిక్షకు గురైన మహిళల్లో ఆమె ఒకరు. 1934 ఉప ఎన్నికలో శాసన మండలికి, 1937 సార్వత్రిక ఎన్నికల్లో శాసనసభకు ఎన్నికయ్యారు. 215 స్థానాలున్న ఆ సభలో మహిళలకు ప్రత్యేకించినవి 8 మాత్రమే.

కాంగ్రెస్ 159 స్థానాలు గెలుచుకోగా రాజాజీ నాయకత్వాన మంత్రివర్గం ఏర్పడింది. పది మంది సభ్యుల ఆ మంత్రివర్గంలో మహిళకు చోటు లభించలేదు. సభా నిర్వహణలో మాత్రం లభించింది. కాకినాడకు చెందిన ప్రముఖ స్వాతంత్ర్య సమరయోధులు బులుసు సాంబమూర్తి సభాపతిగా, రుక్మిణీ లక్ష్మీపతి ఉప సభాపతిగా ఎన్నికయ్యారు. మద్రాసుకు ఇటువంటి సంప్రదాయం కొత్త కాదు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి అంతకు పూర్వమే మద్రాసు శాసన మండలికి ఉపాధ్యక్షులుగా పనిచేసి, గాంధీజీ అరెస్టుకు నిరసనగా 1930లో రాజీనామా చేశారు.

మంత్రి పదవి దక్కని వారికిచ్చే అలంకారప్రాయమైన పదవిగా ఉప సభాపతి స్థానాన్ని భావించడం పొరపాటు. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం ఈ పదవికి వ్యక్తిని ఎన్నుకునేది సభే. తొలగించాలన్నా 14 రోజుల ముందస్తు నోటీసుతో తీర్మానం ప్రవేశపెట్టి, అప్పటి మొత్తం సభ్యుల్లో అధిక సంఖ్యాకుల ఆమోదం పొందవలసిందే. సభాపతి స్థానం ఖాళీ అయినప్పుడు ఆ విధులు ఉప సభాపతికే సంక్రమిస్తాయి. సభాపతి సమావేశానికి హాజరు కాని వేళ అధ్యక్ష పీఠంపై కూర్చునేది కూడా ఉప సభాపతే. ఆ పీఠంపై ఉన్నంతసేపు వారు సాధారణ ఓటు వేయరాదు. ఓట్లు సమానమైనప్పుడు మాత్రం నిర్ణాయక ఓటు వేస్తారు. పార్టీ టికెట్‌పై గెలిచిన సభ్యులు పార్టీకి అతీతంగా వ్యవహరించవలసిన స్థానమది.

ఆ బాధ్యత తేలికైనది కాదు. తొలుత చేపాక్‌లోని సెనేట్ హౌస్‌లో, 1938 నుంచి నేటి రాజాజీ హాలులో సమావేశమైన ఆ సభ మద్యనిషేధం, రైతుల రుణ విముక్తి, ఆలయ ప్రవేశం వంటి కీలక అంశాలపై చట్టాలు చేసింది. పాఠశాలల్లో హిందీ బోధనపై తీవ్ర ఆందోళన రేగిన కాలం కూడా అదే. రెండవ ప్రపంచ యుద్ధంలో భారతదేశాన్ని ప్రజాప్రతినిధుల సమ్మతి లేకుండా చేర్చినందుకు నిరసనగా 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆపై 1946 వరకు సభా సమావేశాలు జరగలేదు.

1946లో టంగుటూరి ప్రకాశం పంతులు ఏర్పాటు చేసిన మంత్రివర్గంలో రుక్మిణీ లక్ష్మీపతి ప్రజారోగ్య శాఖ మంత్రిగా బాధ్యతలు చేపట్టారు. 1937లో మహిళకు దక్కని స్థానం తొమ్మిదేళ్ల తరువాత ఆమెకు లభించింది. 1947 మార్చి వరకు ఆ పదవిలో కొనసాగారు. 1951 ఆగస్టు 6న కన్నుమూశారు. చెన్నై ఎగ్మూరులోని మార్షల్స్ రోడ్డుకు ఆమె పేరు పెట్టారు. 1997లో తపాలా శాఖ ఆమె స్మారకార్థం తపాలా బిళ్ల విడుదల చేసింది.

భారత రాజ్యాంగం ఈ పదవిని మరింత పటిష్ఠం చేసింది. 1935 చట్టం కింద సభాపతి, ఉప సభాపతి ఇరువురూ రాజీనామా లేఖను గవర్నరుకు పంపవలసి ఉండేది. రాజ్యాంగంలోని 179వ అధికరణం ప్రకారం సభాపతి తమ రాజీనామాను ఉప సభాపతికి, ఉప సభాపతి తమ రాజీనామాను సభాపతికి సమర్పించాలి. సభ వ్యవహారం సభలోనే తేలాలన్నది ఇందులోని అంతరార్థం.

తెలుగు నాట 1999లో ప్రతిభా భారతి ఆంధ్రప్రదేశ్ శాసనసభాపతిగా, 2007లో కుతూహలమ్మ ఉప సభాపతిగా ఎన్నికయ్యారు. 2014లో పద్మా దేవేందర్ రెడ్డి తెలంగాణ తొలి ఉప సభాపతి అయ్యారు. ఈ వరుసకు ముందు ఉమ్మడి మద్రాసు సభలో రుక్మిణీ లక్ష్మీపతి వేసిన బాట ఉంది. అన్యాయమైన చట్టాన్ని ఉల్లంఘించి జైలుకు వెళ్లిన ఆమె, న్యాయమైన చట్టాలు రూపొందే సభలో నియమపాలనకు కట్టుబడవలసిన స్థానాన్ని స్వీకరించారు. ఆ రెండింటి వెనుక ఉన్నది ప్రజల సమ్మతే పాలనకు ఆధారమన్న ఒకే విశ్వాసం.